ఊరందరికీ చూపిన రహస్య కీ

పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఐటీ మేనేజరు ఒక నిర్ణయానికి వచ్చాడు. భోజనాల వేళకల్లా కంపెనీ మెయిల్ సర్వర్‌కి కొత్త కీ పెట్టెయ్యాలి. ముందు రోజు ఒక సదస్సులో, ఏసీ చల్లదనానికి కునుకు తీస్తూ, "పాత కీలు ప్రమాదం, మారుస్తూ ఉండాలి" అన్న ఒక్క ముక్క విన్నాడు. ఎలా మార్చాలో చెప్పే సమయానికి గురక పెడుతున్నాడు.

అది లిఫ్టులు బిగించి, వాటి బాగోగులు చూసే కంపెనీ. యజమాని ఇతనికి తోడల్లుడు. ఉద్యోగానికి ఇతనికున్న అర్హత కూడా అదే. యజమాని భార్యకు చెల్లెలంటే ప్రాణం. చెల్లెలికేమో మొగుడు పగటిపూట ఇంట్లో లేకపోతేనే ప్రాణం. ఈ అక్కచెల్లెళ్ల ప్రేమ మధ్య నలిగిపోయింది మాత్రం మెయిల్ సర్వర్.

సర్వర్ని నిజంగా నడిపించే ఇంజనీరమ్మ, మేనేజరు ఆలోచన వినగానే చేతిలో పని ఆపేసింది.

"సార్, కీ అంటే ఒకటి కాదు, జత. రహస్యమైంది సర్వర్లోనే ఉంటుంది. బయటికెళ్లే ప్రతి మెయిల్ మీదా దాంతోనే సంతకం పడుతుంది. రెండోది అందరికీ కనిపించేలా ఇంటర్నెట్‌లో పెడతాం. మెయిల్ అందుకున్నవాళ్ల సర్వర్లు దాంతో సంతకం సరిచూసుకుంటాయి. నేను బ్రాంచి నుంచి వచ్చాక చేస్తాను, మీరు ముట్టుకోకండి."

"నాకే చెప్తున్నావా? నిన్న సదస్సులో ముందు వరసలో కూర్చున్నాను నేను."

ఆవిడ అటు వెళ్లగానే ఇతను ఇటు కూర్చున్నాడు. కొత్త జత తయారైంది. రెండు ఫైళ్లలోనూ అర్థంకాని అక్షరాలే. ఒకటి పొట్టిగా ఉంది, ఒకటి పొడుగ్గా ఉంది. లోకానికి చూపించేటప్పుడు ఘనంగా ఉండాలి కదా అని పొడుగుదాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాడు. రహస్య కీ అదే. తర్వాత పాత కీని తుడిచేసి, కాఫీ తెప్పించుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు.

సరిగ్గా అప్పుడే "ఈరోజు మరమ్మతు ఉంది, లిఫ్టు ఎక్కకండి" అనే నోటీసులు అపార్ట్‌మెంట్లకు బయల్దేరాయి. సంతకం సరిచూద్దామంటే సరైన కీ దొరక్క, వాటన్నిటినీ అవతలి సర్వర్లు స్పామ్‌లో పడేశాయి. నోటీసు వెళ్లింది కదా అన్న ధీమాతో మెకానిక్కులు ఎక్కడికక్కడ కరెంటు తీసేశారు. జనం ఎక్కడికక్కడ ఆగిపోయారు.

ఒక లిఫ్టులో నాలుగో అంతస్తు అల్లుడు వాళ్ల అత్తగారితో సహా ఇరుక్కున్నాడు. అతను కంప్యూటర్ భద్రత చూసే ఉద్యోగి. అత్తగారు చిన్నల్లుడి గొప్పలు మొదలుపెట్టేసరికి, ప్రాణం దక్కించుకోవడానికి ఫోన్ తీసి, నోటీసు ఎందుకు రాలేదో తవ్వడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఐటీ మేనేజరు ఫోన్ మోగింది.

"ఏవండీ, మీ లిఫ్టులో ఇరుక్కున్నాను. మీ నోటీసు స్పామ్‌లో పడింది. ఎందుకా అని చూస్తే మీ రహస్య కీ అందరికీ కనిపిస్తోంది. దాన్ని పారేసి వెంటనే కొత్త జత చేసుకోండి. లేకపోతే మీ పేరుతో ఎవడైనా మెయిల్ పంపించగలడు."

"లిఫ్టులోంచి బయటపడటం చేతకానివాడివి, నాకు పాఠాలు చెప్తావా? నోరు మూసుకుని ఓ మూల నిలబడు."

"చూశావా, నీ మాట ఎవరూ లెక్కచెయ్యరు" అని వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది. మేనేజరు ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత రిసెప్షన్‌లో ఫోన్లు ఆగలేదు. సంగతి తెలిసి ఇంజనీరమ్మ బ్రాంచి నుంచే ఫోన్లో తలబాదుకుంది. మేనేజరు పొడుగు కీ తీసేసి, దాని స్థానంలో పొట్టిది పెట్టాడు. మెయిళ్లు చక్కగా వెళ్లసాగాయి.

"కొత్త జత చేశారా సార్?"

"ఎందుకు? పొద్దున చేసింది సాయంత్రానికే పాచిపోతుందా?"

పైగా పోయిన పరువు తెచ్చుకోవడానికి ఆఫీసంతటికీ ఒక ప్రకటన పంపాడు. ఇకపై మన సంతకం సరిపోయిన మెయిల్ నూటికి నూరుపాళ్లు మనదే, దాన్ని అనుమానించడం నేరం అని అందులో రాశాడు.

ఆఫీసు మూసే వేళకు యజమాని గదిలోకి పిలిచాడు. ఎప్పుడూ ముటముటలాడే మనిషి, ఆ రోజు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"నీ మెయిల్ అందింది తమ్ముడూ. నాకు చాలా సంతోషంగా ఉంది."

తెర మీద మేనేజరు పేరుతో ఒక మెయిల్ ఉంది. 'రహస్య కీని ఊరందరికీ చూపించాను. హెచ్చరించిన మనిషిని తిట్టాను. ఈ కుర్చీకి నేను తగను. రాజీనామా చేస్తున్నాను.'

"ఇది నేను రాయలేదన్నయ్యా. ఆ లిఫ్టులోవాడు రాశాడు."

"నువ్వు రాయలేదని నాకూ తెలుసు. ఒక్క అక్షరం తప్పు లేదు."

"మరి?"

"సంతకం సరిపోయింది. సరిపోతే నూటికి నూరుపాళ్లు మనదేనని నువ్వే అన్నావు. మీ వదినకీ పంపాను. ఇంత బాధ్యత తెలిసినవాడా అని కళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్లూ నిన్ను కదిలిస్తే ఆవిడ ఊరుకునేది కాదు. ఇప్పుడు నువ్వు కాదంటే ఆవిడ మనసు విరిగిపోతుంది."

మేనేజరు తెర దగ్గరికి వంగాడు. చదివిందే మళ్లీ చదివాడు. తన పేరుతో ఇంత పొందికైన మాటలు ఉండటం అతనికే కొత్తగా ఉంది.

అతను గదిలోంచి బయటికొచ్చేసరికి, బ్రాంచి నుంచి తిరిగొచ్చిన ఇంజనీరమ్మ కొత్త జత చేసి, పాతది తీసేసింది. అతని వీడ్కోలు సభకు రమ్మని అప్పటికే అందరికీ మెయిల్ వెళ్లింది. ఒక్కటి కూడా స్పామ్‌లో పడలేదు.