సెక్టర్ 2 బయోబ్యాంకు

రజనీకుమారి వంటింట్లో భర్త లాల్చీకి గంజి పెడుతోంది. ముందుగదిలో ఆ భర్త ఉదయ్‌కుమార్ గారు ఫోనులో విలేకరికి వార్త చెబుతూ దేశసేవ చేస్తున్నారు.

"మధ్యభారతంలోనే తొలి ఉమ్మడి బయోబ్యాంకు అని రాయండి భయ్యా. రోగుల రక్తం, కణాలు అన్నీ ఒక్కచోట దాచి పరిశోధకులందరికీ ఇస్తాం. ఎవరి ఫ్రీజరు వాళ్లు కొనుక్కునే స్వార్థం ఇక చెల్లదు!"

రజనీకుమారి మనసు పొంగిపోయింది. వార్డు స్థాయి పార్టీ కార్యదర్శికి సైన్సు మీద ఇంత ప్రేమ ఎక్కడ చూస్తాం? బయోబ్యాంకుకి వచ్చిన గ్రాంటు మొదటి విడతలో ఆయన పైసా వృథా చెయ్యలేదు. ఆర్చి కట్టించారు. మంత్రిగారి ముఖంతో క్యాంప్ 2 బస్తీ దాకా ఫ్లెక్సీలు వేయించారు. శంకుస్థాపనకి పాలరాయి తెప్పించారు. ఫ్రీజరు కొనడం ఒక్కటే మిగిలిపోయింది. దానికీ ఆయనే దారి చూశారు.

ఆంధ్ర సంఘానికి ఒక ఫ్రీజర్ పెట్టె ఉంది. ఇక్కడి తెలుగువాళ్లలో ఎవరు పోయినా, ఊరినుంచి బంధువులు రైలు దిగేదాకా శవాన్ని అందులోనే ఉంచుతారు. దాన్ని ప్రారంభోత్సవం టెంటులోకి మోయించి, 'జాతీయ ఉమ్మడి వనరు' అని స్టిక్కరు అంటించారు. నిన్న రాయ్‌పూర్ నుంచి వచ్చిన అధికారి అద్దం మూతలోంచి తొంగిచూశాడు.

"ఇంత పొడుగెందుకు?"

"విజన్ పెద్దది సార్."

అధికారి తృప్తిగా తలూపి భోజనానికి వెళ్లాడు.

ఆయన ఫోను పెట్టేసేసరికి గుమ్మంలోకి రిసాలి పేటలో ఉండే పార్వతమ్మ వచ్చి నిలబడింది. ఆవిడ భర్త అప్పలసూరి పొద్దున్నే పోయాడు.

"ఉదయ్ బాబూ, పెట్టె కావాల. మా సిరిలచ్చిమి ఇజీనగరంలో రైలెక్కింది. రేపొద్దున్న గానీ రాదు. ఎండలు సూస్తన్నావు గదా. అయ్య మొకం సూడాలని ఏడుస్తంది."

"పిన్నీ, అదిప్పుడు పెట్టె కాదు. నేషనల్ ఎసెట్."

"ఏటీ? మీ అయ్యని పడుకోబెట్టినప్పుడు పెట్టే గదా అది?"

ఫోను మోగింది. గ్రాంటు ఇచ్చే ఢిల్లీ బృందం. స్పీకర్లోంచి గొంతు వంటింటిదాకా వినబడింది.

"మధ్యాహ్నం వస్తున్నాం. శాంపిల్ ఉందా? ఖాళీ ఫ్రీజరుకి రెండో విడత ఇవ్వం."

"ఏక్ మినట్ సార్." ఆయన ఫోనుకి అరచెయ్యి అడ్డుపెట్టి పార్వతమ్మ వైపు తిరిగారు. ముఖం వెలిగిపోతోంది.

"పిన్నీ, బాబాయిని టెంటుకే తెచ్చెయ్. శ్రీలక్ష్మి వచ్చేదాకా చల్లగా ఉంటాడు. ఢిల్లీవాళ్లు ఉన్నంతసేపూ తెల్లగుడ్డ కప్పి, 'శాంపిల్ నంబర్ వన్' అని చీటీ కడతాం. షుగరు, బీపీ, గుండెజబ్బు, అన్నీ ఉన్న మనిషి. రీసెర్చికి ఇంకేం కావాలి? ఏడుపులు మాత్రం వద్దు. అక్కడ సైన్సు వాతావరణం ఉండాలి."



"రజనీ, పిన్నికి చాయ్ పట్రా," అని ఆయన మళ్లీ ఫోను చెవికి పెట్టుకున్నారు. "ఉంది సార్. ఫ్రెష్ శాంపిల్. దారిలో ఉంది."

రజనీకుమారి వంటింట్లోంచి వచ్చింది. తడిచేతులు కొంగుకి తుడుచుకుని, పార్వతమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసి, చాయ్ పెట్టకుండానే ఆవిడతోపాటు గడప దాటింది.