మా ఊరికి పండుగప్ప వచ్చిన వైనం

చదివేవారికి సలాం. నేను అక్షరాలు నేర్చి రెండేళ్ళే అయింది. ఒత్తులు తప్పుతాయి, చెయ్యి నిదానం, ఈ నాలుగు ముక్కలకే వారం పట్టింది. మన్నించండి. ఇంత గొప్ప సంగతి రాయకుండా ఉండలేకపోయాను.

పోయినేడు, అంటే ఎనభై ఏడు వేసవిలో చేపల మంత్రి హనుమంతరావు గారు "పల్నాడుకు సముద్రాన్ని తెస్తాను" అని ప్రకటించారు. సముద్రపు పండుగప్పను గాలంతో పట్టడంలో ఆయన్ను మించినవారు లేరని ఆయనే చెప్పారు. ఆ చేపను మా ఊళ్ళో దింపాలి, ఆయన పట్టాలి, ఫోటో దిగాలి. అదీ ప్రోగ్రాం.

మాది కరువు లిస్టులో ఊరు. ఆ లిస్టు పుణ్యాన వారానికి మూడు ట్యాంకర్ల మంచినీళ్ళు వచ్చేవి. ఆ వారం కూడా మూడూ వచ్చాయి. తిన్నగా పాడుబడిన నాపరాళ్ళ క్వారీ గుంటకు పోయాయి. వెనకే లారీ నిండా ఉప్పు బస్తాలు.

పక్కింటి మస్తానమ్మ ఖాళీ బిందెతో ట్యాంకరుకు అడ్డం నిలబడింది.

"ఏందయ్యా ఇది? పిల్లల గొంతు తడపను చుక్క లేదు."

చేపల ఆఫీసరు గోపాలకృష్ణయ్య గారు చానా మర్యాదస్థులు. "ఒక్క వారం ఓర్చుకోమ్మా. మీరు అలవాటు పడ్డోళ్ళు. చేప కొత్త."

"అయితే ఓట్లు కూడా ఆ చేపనే అడగండి."

"అది ప్రభుత్వ చేపమ్మా. రాజకీయాల్లో తలదూర్చకూడదు."

డ్రమ్ములో పండుగప్ప దిగింది. ఎండ తగలకుండా గుంటకు షామియానా వేశారు. గాలం వృథా పోకూడదని నాలుగు రోజులు మేత పెట్టలేదు. మంత్రిగారు గాలం వేయగానే కరుచుకుంది. ఎంత విధేయత! ఎండలో నిలబడి చప్పట్లు కొట్టాం. పులుసు మంత్రిగారికి, తోకముక్క ఆఫీసరుగారికి. గుంటలో నీళ్ళు మాకే వదిలేశారు. మస్తానమ్మ గేదె మూతి పెట్టి, తల విదిలించుకుని వెళ్ళిపోయింది.

పేపర్లో ఫోటో పడింది. ఆ తర్వాత ట్యాంకరు రాలేదు.

అర్జీ నేనే రాశాను. నెలకు జవాబొచ్చింది. నా పేరున వచ్చిన మొదటి సర్కారు కాయితం. వాడంతా చేరింది. కూడబలుక్కుంటూ గట్టిగా చదివాను.

"మీ గ్రామమున సముద్రపు చేప జీవించినట్లు మంత్రివర్యులు స్వయముగా ధ్రువీకరించినందున, గ్రామమును కరువు జాబితా నుండి తొలగించి, సముద్రతీర గ్రామముగా నమోదు చేయడమైనది. తుఫాను హెచ్చరిక అందిన వెంటనే సురక్షిత ప్రాంతమునకు తరలవలెను."

మస్తానమ్మ బిందె చంకకెత్తుకుంది.

"సురక్షిత ప్రాంతమంటే కుళాయి ఉండే ఊరేగా అక్కా?"

ఇట్లు,
షేక్ ఖైరున్నీసా, వయసు అరవై ఒకటి.
ప్రస్తుతం సత్తెనపల్లిలో, వీధి కుళాయి పక్కన.