అది మీరేనా?

ఆ రోజు పొద్దున ఇమాంసాహెబ్ పెట్టుకున్న పని చిన్నదే. కంప్యూటర్లో మెయిళ్ల పెట్టె తెరవాలి, సునీల్‌కుమార్ పంపిన మెయిల్ చదవాలి, ‘సమ్మతం’ అని ఒక్క మాట జవాబు కొట్టాలి. ఆ తర్వాత తీరిగ్గా టీ తాగాలి.

తిరుపతి బస్టాండు వెనక సందులో ఆయనది పరుపుల అంగడి. తాతల నాటి నుంచి దూది ఏకడమే వాళ్ల బతుకు. ఈ మధ్య లాడ్జీలన్నీ స్పాంజి పరుపుల వైపు తిరగడంతో దూది ఏకే యంత్రానికి పనికంటే సెలవులే ఎక్కువయ్యాయి. అలాంటి సమయంలో కార్వేటినగరంలో కొత్తగా పెడుతున్న ప్రకృతి వైద్యశాల వాళ్లు మంచాలన్నిటికీ దూది పరుపులే కావాలన్నారు. అక్కడి మేనేజర్ సునీల్‌కుమార్ ముందురోజే ఫోన్ చేసి, "మెయిల్ పంపిస్తా సాహెబ్ గారూ. రేపు సాయంత్రం లోగా జవాబు రావాల. రాలేదంటే మా యజమాని మద్రాసు స్పాంజి కంపెనీకి ఇచ్చేస్తాడు" అని చెప్పాడు. ఈ బేరం తప్పితే యంత్రాన్ని పాత ఇనుము కింద తూకానికి అమ్ముకోవడమేనని ఇమాంసాహెబ్‌కు తెలుసు. ఆ దిగులుతో రాత్రి నిద్ర పట్టలేదు. పరుపులవాడికి అంతకంటే నామోషీ ఉందా?

చిక్కల్లా ఆ పెట్టెతోనే. ఆయన మెయిళ్లు చూసుకునేది ఏనాటిదో పాత సాఫ్ట్‌వేర్‌లో. మెయిల్ రాగానే అది ‘టింగ్’మంటుంది. టింగుమనకుండా వచ్చింది ఆయన దృష్టిలో మెయిలే కాదు. మెయిళ్లు దాచే పాత కంపెనీ మూతపడటంతో, అంగడి లెక్కలు చూసే పంకజాక్షి పోయిన వారం అడ్రసును క్లౌడ్ సర్వీసుకు మార్చింది. మార్చింది గానీ, పాత సాఫ్ట్‌వేర్‌ను దానికి కలపకముందే తలనీలాల మొక్కు ఉందని ఈ పొద్దున సెలవు పెట్టి కొండెక్కింది. అందుకని కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే కూతురు ఫిర్దోస్‌ను పిలిపించాడు.

"ఈ పాతదాన్ని వదిలెయ్ నాయనా. క్లౌడ్‌లో అయితే యాడి నుంచైనా చూడొచ్చు" అంది ఫిర్దోస్.

"యాడి నుంచైనా నాకెందుకు? నేను ఈడనే ఉంటాను గదా."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎన్నిసార్లు పాస్‌వర్డ్ కొట్టినా తప్పంటోంది. కాసేపటికి కారణం పట్టుకుంది. "పాత సాఫ్ట్‌వేర్‌ను ఈ క్లౌడ్ నమ్మదు నాయనా. దానికని వేరే పాస్‌వర్డ్ పుట్టించాల. అది ఇచ్చే ముందర పంకజాక్షక్క ఫోన్‌కు ఆరంకెల నంబరు పంపిస్తాది."

దర్శనానికి పోతే ఫోన్ ఎలాగూ కౌంటర్లో ఇచ్చేయాలి కాబట్టి, కొండకు పోయినప్పుడల్లా పంకజాక్షి దాన్ని ఇంట్లోనే పెట్టి పోతుంది. ఇమాంసాహెబ్ ఆమె భర్త మునిప్రసాద్‌కు ఫోన్ చేశాడు. మునిప్రసాద్‌ది గాజుల అంగడి. వర్తకుల వాట్సాప్ గ్రూపు నడిపేది అతనే. పోయినేడు ఎవడో ఇలాగే నంబరు అడిగి అతని ఖాతా ఊడ్చేశాడు. అప్పటి నుంచి అత్తగారు ఫోన్ చేసినా అతనికి అనుమానమే.

"మునీ, నీ భార్య ఫోన్‌కు ఆరంకెల నంబరు వచ్చింటాది. బిన్నా చెప్పప్పా, తొందరగా ఉండాది."

"ఎవురు మాట్లాడేది?"

"నేనప్పా, ఇమాంసాహెబ్‌ని."

"గొంతు అట్లనే ఉండాదిలే. ఇప్పుడు దొంగలు గొంతులు గూడా తయారు చేస్తా ఉండారంట. నువ్వు నిజంగా ఇమామన్నవే అయితే, మా పెండ్లికి ఏమిచ్చినావో చెప్పు."

"పరుపు ఇచ్చినాను."

"అది తిరుపతిలో ఎవుర్నడిగినా చెప్తారు. ఆయన అందరి పెండ్లికీ పరుపే ఇస్తాడు" అని మునిప్రసాద్ ఫోన్ పెట్టేశాడు.

ముఖం చూపిస్తే సరిపోతుందని ఇమాంసాహెబ్ స్కూటరెక్కి వాళ్లింటికి పోయాడు. తాళం వేసి ఉంది. సరే, అసలు మనిషికే చెప్పుకుందామని సునీల్‌కుమార్‌కు ఫోన్ చేశాడు. కట్ చేశాడు. మళ్లీ చేస్తే మళ్లీ కట్ చేశాడు. తెలిసిన లాడ్జీ వాళ్లకు చేస్తే వాళ్లూ అంతే. ఇన్నేళ్ల వ్యాపారంలో ఆయన ఫోన్ అంటే ఊరంతా ఇలా ముఖం తిప్పుకోవడం ఎన్నడూ లేదు.

అంగడికి తిరిగొచ్చేసరికి కంప్యూటర్ ఆరిపోయి ఉంది. ఫిర్దోస్ తల పట్టుకుని కూర్చుంది. పరుపుల దొంతర మీద కూర్చుని మునిప్రసాద్ కాపలా కాస్తున్నాడు.

"వచ్చినావా అన్నా! నీ నంబరు దొంగలకు దొరికిపోయింది. నీ గొంతుతోనే నన్ను అడిగినారు. నేనిస్తానా? నీకు చెబుదామని ఈడికొస్తే కంప్యూటర్ గూడా నంబరు అడగతా ఉండాది. టక్కున వైరు పీకేసినాను."

"ఆ ఫోన్ చేసింది నేనే గదరా!"

మునిప్రసాద్ జేబులోంచి ఫోన్ తీశాడు. "అట్లయితే... గ్రూపులో పెట్టింది తీసేయాలేమో."

ఫిర్దోస్ తన ఫోన్ తండ్రి ముందు పెట్టింది. ‘ఇమాంసాహెబ్ గారి ఫోనూ మెయిలూ దొంగల చేతిలో పడినాయి. ఆ నంబరు నుంచి ఎవరు మాట్లాడినా నమ్మొద్దు.’ కింద వర్తకులంతా వరసగా చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒకాయన సగమే చదివాడో ఏమో, ఆత్మకు శాంతి కలగాలని కోరాడు. సునీల్‌కుమార్ కూడా ఆ గ్రూపులోనే ఉన్నాడు.

ఇమాంసాహెబ్‌కు కోపం రాలేదు, భయం వేసింది. పొద్దు వాలుతోంది. యంత్రం మీద చెయ్యి వేసి ఊరకే నిలబడ్డాడు. అంతలో అంగడి ముందు కారు ఆగింది. సునీల్‌కుమార్ దిగాడు.

"సాహెబ్ గారూ, పొద్దున్నే మీ మెయిల్ వచ్చింది, ‘సమ్మతం’ అని. మా యజమాని సంతకం గూడా పెట్టినాడు. తీరా గ్రూపులో చూస్తే ఇట్లుండాది. ఆర్డర్ ఆపి, మిమ్మల్నే అడుగుదామని వచ్చినాను. ఆ మెయిల్ పంపింది మీరేనా?"

"నేనింకా పంపలేదే!" అన్నాడు ఇమాంసాహెబ్. ఆయన పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడలేదు.

"నేను చెప్పలా? దొంగే!" అని మునిప్రసాద్ మళ్లీ ప్రాణం లేచొచ్చినట్టు లేచాడు. సునీల్‌కుమార్ ముఖం మాడిపోయింది. మద్రాసుకు ఫోన్ చేయడానికి జేబులో చెయ్యి పెట్టాడు.

సరిగ్గా అప్పుడే నున్నటి గుండుతో, చేతిలో లడ్డూల సంచితో పంకజాక్షి మెట్లెక్కింది. మునిప్రసాద్ ఆమెను కూడా ఒక క్షణం అనుమానంగానే చూశాడు.

"నేనే పంపినాను" అంది ఆమె సంగతి విని. "కొండకు బయల్దేరే ముందర నా ఫోన్‌లో సూసినా. మెయిలొస్తే ‘సమ్మతం’ అని కొట్టెయ్యమ్మా అని నిన్న సాయంత్రం మీరే గదన్నా చెప్పింది?"

చెప్పాడు. దిగుల్లో మరిచాడు. సునీల్‌కుమార్ నవ్వేసి, ఆర్డర్ ఖాయమని అక్కడికక్కడే యజమానికి ఫోన్ చేసి చెప్పాడు. ఇమాంసాహెబ్ కళ్లు తుడుచుకుని, దూది నలక పడిందన్నాడు.

లడ్డూ తిని సునీల్‌కుమార్ వెళ్లిపోయాక పంకజాక్షి ఇంటి నుంచి ఫోన్ తెచ్చింది. ఆరంకెల నంబరు చదివింది. ఫిర్దోస్ కొత్త పాస్‌వర్డ్ పుట్టించి పాత సాఫ్ట్‌వేర్‌లో కొట్టింది. టింగ్! ఇమాంసాహెబ్‌కు ఆకలి గుర్తొచ్చింది. ఆడవాళ్లిద్దరూ టీ తేవడానికి వెళ్లారు.

మళ్లీ టింగుమంది. ఇమాంసాహెబ్ మెయిల్ తెరిచి పైకి చదివాడు. ‘ఎవరో ఒక పాత సాఫ్ట్‌వేర్‌తో ఇప్పుడే మీ మెయిల్‌లోకి వచ్చారు. అది మీరేనా?’ కింద రెండు బటన్లు.

"ఏమనాల మునీ?"

"ఈ కాలంలో ఎవుర్నీ నమ్మకూడదన్నా" అన్నాడు మునిప్రసాద్.

పొద్దుటి నుంచి పడ్డదంతా తలుచుకుని ఇమాంసాహెబ్ ‘కాదు’ నొక్కాడు.

ఫిర్దోస్ టీ గ్లాసులతో వచ్చింది. "దొంగను పట్టేసినాం బిడ్డా" అన్నాడాయన తృప్తిగా. తెర మీద పాత సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్ అడిగే గడి మళ్లీ పొద్దుటిలాగే ఖాళీగా ఉంది.