చైర్మన్ గారి ఎడమ పక్క

మెదడుకు కరెంటు పెట్టించుకుని ప్రజాసేవకు తిరిగొస్తున్న తొలి నాయకుడు మా పసుపు యార్డు చైర్మన్ భీమ్‌రావు గారేనని ఆర్మూర్ అంతటా ఫ్లెక్సీలు వెలిశాయి. జబ్బు బయటపడిన రోజు నేను అక్కడే ఉన్నాను కనుక నాకూ కొంత గర్వంగానే ఉంది.

యార్డు గేటు నుంచి ఆఫీసుకు నడిస్తే కుడివైపు షెడ్డు, దాని నిండా వ్యాపారుల బస్తాలు. ఎడమవైపు ఆరుబయట రైతుల పసుపు కుప్పలు. చైర్మన్ గారు రోజూ కుడివైపు నమస్కారాలు పెడుతూ లోపలికి వెళ్లేవారు. ఎడమవైపు చూసేవారు కాదు. అది జబ్బని ఎవరికీ తట్టలేదు. పదవిలోకి వచ్చిన నాటి నుంచీ అంతే కదా.

తిరుగు ప్రయాణానికి కారు ఆఫీసు మెట్ల దాకా వచ్చేది. ఆ రోజు రాలేదు. గేటుదాకా నడిచారు. వ్యాపారులు ఎడమకు పడ్డారు, రైతులు కుడికి వచ్చారు. పెద్ద వ్యాపారి శ్రవణ్‌కుమార్ సేఠ్ పెట్టిన నమస్కారం గాలిలో కలిసింది. చైర్మన్ గారు ఏర్గట్ల లసుమవ్వ కుప్ప ముందు ఆగారు.

"ఏందవ్వా, మబ్బు పట్టింది, పసుపు బయట వెట్టినవ్?"

"షెడ్డుల జాగేది సారూ? తడిస్తే కొమ్ము నల్లవడ్తది. ఎవ్వలు కొనరు. ఏడాది కష్టం మట్టిల కలుస్తది."

"ఫికర్ జెయ్యకు. షెడ్డుల పోయిస్త."

ఎవరితో అంటున్నారోనని లసుమవ్వ వెనక్కి తిరిగి చూసింది.

సేఠ్ ముఖం పాలిపోయింది. "సార్‌కు పానం బాగలేదు. నన్ను గుర్తు వట్టలే, గామెతోని మాట్లాడుతుండు. జల్ది దవాఖానకు నడువుండ్రి."

చిన్న పక్షవాతం వచ్చి పోయిందని డాక్టర్ తేల్చారు. కళ్లు భేష్, ఎడమ పక్క అనేది ఒకటుందన్న ధ్యాసే మెదడుకు పోయింది. పళ్లెంలో ఎడమ సగం అన్నం అలాగే వదిలేస్తుంటే ఇంట్లోవాళ్లు డైటింగ్ అనుకున్నారట. తలకు తీగలు పెట్టి, సన్నని కరెంటుతో ఆ ధ్యాసను నిద్రలేపారు.

ధర రాక లసుమవ్వ పసుపు యార్డులోనే ఉంది. కుప్ప మీద పాత చీరలు కప్పి, సార్ కోలుకోవాలని కొబ్బరికాయ కొట్టింది.

సన్మానం గేటు దగ్గరే, చైర్మన్ గారిని ఆఫీసు వైపు తిప్పి నిలబెట్టి చేశారు. డాక్టర్ అందరి ముందూ ఎడమవైపు వేళ్లు చూపారు.

"రెండు," అన్నారు చైర్మన్ గారు. చప్పట్లు.

"మరి అక్కడేముంది సార్?" అని డాక్టర్ ఎడమవైపున్న లసుమవ్వ కుప్పను చూపారు. బాగా కనబడాలని ఆమె చీరలు తీసేసింది. పైన ఉరిమింది.

చైర్మన్ గారు తల తిప్పి, కింది నుంచి మీది దాకా నింపాదిగా చూశారు.

"ఖాళీ జాగ."

డాక్టర్ కంగారుపడ్డారు. "ఇంకో వారం కరెంటు పెట్టాలి."

"అక్కర్లేదు డాక్టర్ సాబ్," సేఠ్ పూలదండ అందుకున్నాడు. "సార్ మంచిగయ్యిండు."

లసుమవ్వ చీరలు వెతుక్కునేలోపే చినుకులు మొదలయ్యాయి. మేమంతా షెడ్డు వైపు పరిగెత్తాం. బస్తాల మధ్య నిలబడటానికి చోటు దొరకలేదు.