అత్తయ్య ఎంత లోతు?

ఆ ఉదయం కోడలి పథకం చాలా చిన్నది. పది గంటలకు ఇంటి నుంచే మీటింగు, పదిన్నరకల్లా గ్యాసు బావి ఎక్కడ తవ్వాలో ఖాయం, ఆపైన స్థిమితంగా స్నానం. భూమిలోకి శబ్దం పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనులను పొడవు, వెడల్పు, లోతుల్లో పేర్చితే అడుగునున్న పొరలు తెరమీద నలుపు తెలుపు చారలుగా కనిపిస్తాయి. వాటిని చదివి గ్యాసు ఎక్కడుందో చెప్పడం ఆమె ఉద్యోగం. సొంతంగా చూపిస్తున్న మొదటి చోటు ఇదే. తవ్వాక ఏమీ దొరక్కపోతే మళ్లీ ఎవరూ ఆమె మాట వినరు.

పొరలకు గుర్తుగా పేర్లుండాలి కదా! వయసులో చిన్నదైన పై పొరకు 'బుజ్జిగాడు', అట్టడుగుదానికి 'తాతయ్య', నడుమ గ్యాసున్నదానికి 'అత్తయ్య' అని పెట్టుకుంది. ఆఫీసులోనూ అవే స్థిరపడిపోయాయి.

"అత్తయ్య ఎంత లోతులో ఉంది?" స్పీకరులో మేనేజరు అడిగాడు.

"రెండు కిలోమీటర్లండీ. కుడివైపు విరిగి, కాస్త కిందికి జారింది."

"గ్యాసో?"

"నిండా ఉంది సార్."

"అయితే సోమవారం తవ్వేద్దాం."

తలుపవతల కాఫీ కప్పుతో నిలబడ్డ అసలు అత్తయ్య గుండె గుభేలుమంది. మొన్న మెట్ల మీద జారిన సంగతీ, కడుపుబ్బరం సంగతీ ఆవిడ కోడలికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్లు టైలరుగా ఊరందరి నడుం కొలతలూ కడుపులో దాచుకున్న మనిషి, తన గుట్టు రట్టయిందని ఉడికిపోతూ కొడుకును కేకేసింది.

అతను గడ్డం నురగతోనే దూసుకొచ్చాడు. "అమ్మని తవ్వడమేంటి?"

"అమ్మా? ఆ పొర నా మ్యాపులో లేదే!" మేనేజరు కంగారుపడ్డాడు. "అందరూ వెతకండయ్యా!"

మీటింగులో ఉన్న ఎనిమిది మందీ అమ్మ కోసం భూగర్భమంతా గాలించసాగారు. కోడలు తల పట్టుకుని, అత్తయ్యను తెర ముందు కూర్చోబెట్టి, "మీరు కాదత్తయ్యా, ఇదిగో, ఈ చార. ఇక్కడ విరిగింది, అటుపక్క ముక్కతో ఇలా కలిపాను," అని చూపించింది. ఆవిడ కళ్లజోడు సవరించుకుంది. కోపం ఎటు పోయిందో పోయింది.

"ఇటుపక్క లావు నలుపు కింద సన్న నలుపుంది. అటుపక్క నువ్వు కలిపినదాని కింద సన్నదేదమ్మా? ఒక చార పైకి కలిపేశావు. గళ్ల చొక్కా అయితే విప్పించి మళ్లీ కుట్టించేదాన్ని."

కోడలు మళ్లీ చూసుకుంది. నిజమే. చార దించితే గ్యాసున్న చోటే మారిపోతోంది. తను చెప్పిన చోట తవ్వితే ఉత్త నీళ్లే. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. పక్కనున్న అత్తయ్య చేతిని తను గట్టిగా పట్టుకుంది.

"చోటు మారుద్దాం," అన్నాడు అంతా విన్న మేనేజరు మెల్లగా.

సవరించిన నివేదికలో 'సరిచూసినవారు' అన్న గడిలో కోడలు నిజాయితీగా 'అత్తయ్య' అని రాసింది. పొర తనను తానే ఎలా సరిచూసుకుందో వారంలోగా వివరించమని పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది.