రేసు బండికి గులాబీ కార్డు

ఈ దేశంలో పేదరికాన్ని నిర్మూలించే పద్ధతి దొరికింది! అర లీటరు చిలకపచ్చ పెయింటు, పావు లీటరు కుంకుమ రంగు, మూడు షీట్ల రేడియం స్టిక్కరు. అంతే!

నవ్వకండి. నేను జూనియర్ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్ళు అర్థశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. బోర్డు మీద దారిద్ర్యరేఖ గీసి గీసి నా కుడి భుజం ఇప్పటికీ నొప్పి పెడుతుంది. ఆ రేఖను ఒక కుటుంబం ఒక్క మధ్యాహ్నంలో దాటేయడం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. పోయిన ఏడాది మా ఎర్రిస్వామి ఇంట్లో చూశాను.

అనంతపురం రోడ్ల మీద మీరూ చూసే ఉంటారు. ఒంటినిండా స్టిక్కర్లు, ముక్కు మీద ఒక పెద్ద నంబరు, అర్థం కాని ఇంగ్లీషు అక్షరాలు. పక్కనుంచి రయ్యిమని పోయే ఆ స్పోర్ట్స్ బైకుల్ని చూసి మీరు పళ్ళు నూరి ఉంటారు. నేనూ నూరాను. ఎంత పొరపాటు! ఆ కుర్రాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కొక్క సంక్షేమ పథకం అని మనకేం తెలుసు?

ఎర్రిస్వామి నా స్టూడెంటే. ఇంటర్లో అన్ని సబ్జెక్టులూ పాసై, నా సబ్జెక్టు ఒక్కటే తప్పాడు. వాళ్ళ ఊరు పామిడికి ఇరవై కిలోమీటర్లు. ఊరి పేరు రాయను. రాస్తే ఎవరైనా మళ్ళీ సర్వేకు బయల్దేరతారు.

వాళ్ళ నాయన చెన్నప్పకు నాలుగెకరాల మెట్ట. వరసగా మూడేళ్ళు శనక్కాయ విత్తారు, మూడేళ్ళూ ఊడలు దిగి కాయ పట్టే వేళకు వాన మొహం చాటేసింది. మేత లేక ఎద్దుల్ని సంతకు తోలేశారు. ఎర్రిస్వామి కుట్టుపని నేర్చుకుని, పామిడిలో నైటీలు కుట్టే పనికి కుదిరాడు. ఊరికి బస్సు తొమ్మిదింటికి వస్తుంది. వస్తే! కుట్టుమిషను ముందు ఎనిమిదింటికే కూర్చోవాలి. అందుకని ఒక బండి కావాల్సి వచ్చింది.

ఆ వెతుకులాటలోనే బెంగళూరులో ఒక స్పోర్ట్స్ బైకు దొరికింది. ఎవరో పిల్లవాడు ఫ్లైఓవర్ దిగుతూ పడేసిన బండి. ముందు తొడుగు నాలుగు ముక్కలు, ట్యాంకుకు సొట్ట, రంగంతా గీరుకుపోయింది. బెంగళూరులో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి పాత మోపెడ్ కంటే చౌకగా వచ్చింది. రేసు బండి కొనాలన్న కోరిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. చౌకబేరంలో రేసు బండి తగిలింది, అంతే.

ఇక మనవాడు దర్జీ! పగిలిన ఫైబరు ముక్కల అంచులకు వేడి మేకుతో బెజ్జాలు పొడిచి, బైండింగ్ వైరుతో కుట్టేశాడు. వరస కుట్టు, దాని మీద అడ్డ కుట్టు. పైన లప్పం పెట్టి గరుకు కాగితంతో రుద్దాడు. అప్పుడు రంగు సంగతి వచ్చింది. ఎటూ వెయ్యాల్సిందే కదా, వేసేదేదో రేసు బండికి వేసినట్టే వేద్దామనుకున్నాడు. దినపత్రికలో ఆటల పేజీలో వచ్చిన ఒక విదేశీ రేసు ఫొటో కత్తిరించి గోడకు అంటించుకున్నాడు.

చిక్కల్లా ఒక్కటే. ఆ ఫొటో నలుపు తెలుపు.

"ఈ బూడిద రంగు జాగాలో అసలు ఏం రంగు ఉండాదో?" అని ఎర్రిస్వామి రెండు రోజులు ఆ కాగితం ముందు కూర్చున్నాడు.

అతని భార్య హేమావతిది ధర్మవరం. మగ్గాల ఇంట్లో పుట్టిన పిల్ల. ఆమె ఫొటోను దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి చూసి తేల్చేసింది. "ఒళ్ళు చిలకపచ్చ, అంచు కుంకుమెరుపు. ఈ రెండూ కలిస్తే కన్ను తిప్పుకోలేరు. ఆ విదేశమోడు ఏం రంగేసుకుంటే మనకేంది?"

ప్రపంచంలో ఎక్కడా లేని రేసు బండి అలా తయారైంది. పట్టుచీర కట్టుకున్న రేసు బండి! రంగు కొట్టడానికి శనక్కాయ చేనుకు మందు కొట్టే స్ప్రేయరే వాడారు. చేలో పైరు లేదు, అది ఊరికే పడి ఉంది. ఫొటోలో కంపెనీ పేర్లు సగం సగం పడ్డాయి కాబట్టి, ఆ సగాలే సుద్దముక్కతో రేడియం షీటు మీద గీసి, బట్ట కత్తిరించినట్టు కత్తిరించి అంటించాడు. ఆ అక్షరాలు ఏ భాషకూ చెందవు. నంబరు మాత్రం స్పష్టంగా ఉంది. తొంభై మూడు.

బండి గంటకు నలభై దాటేది కాదు. దాటితే కుట్లు వదులవుతాయి. అయినా ఆ వారం ఊరు ఊరంతా వచ్చి చూసింది. చెన్నప్ప అయితే మంచం తెచ్చి బండి పక్కనే వేసుకున్నాడు. ఆయనకు అప్పటికే నాలుగడుగులు నడిస్తే ఆయాసం. మూడేళ్ళుగా ఎవరు పలకరించినా వాన గురించీ అప్పు గురించీ తప్ప మాట్లాడని మనిషి, ఇప్పుడు దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ బండి చూపించేవాడు. ఎవరైనా సీటు మీద చెయ్యి వేస్తే "మెల్లగప్పా, రంగుకు మరక పడతాది" అనేవాడు.

సరిగ్గా ఆ వారమే సర్వే వచ్చింది.

తెల్ల రేషను కార్డు పేదవాళ్ళకు, గులాబీ కార్డు కాస్త ఉన్నవాళ్ళకు. ఈ సంగతి మీకు తెలియనిది కాదు. తెల్ల కార్డుల్లో అనర్హుల్ని ఏరేయడానికి తిప్పేస్వామి అనే ఉద్యోగి ఫారాల కట్ట చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. చెన్నప్ప ఇంటి ముందుకు వచ్చి ఆగిపోయాడు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. అక్షరాలు చదవబోయాడు. అవి లొంగలేదు.

"ఏమప్పా చెన్నప్పా, ఇది యా దేశం బండి?"

అప్పుడు ఎర్రిస్వామి ఇంట్లో ఉండి ఉంటే కథ ఇంకోలా ఉండేది. అతను పామిడిలో కుట్టుమిషను ముందున్నాడు. మంచం మీద చెన్నప్ప లేచి కూర్చున్నాడు.

"మా పిల్లోనిది సామీ! రేసు బండి. పామిడిలో కాదు, అనంతపురంలో గూడా ఇట్లాంటిది ఇంకోటి లేదంట!"

లోపల్నుంచి హేమావతి పరుగెత్తుకొచ్చి, "అది పడిపోయిన బండి సారూ, ఇంట్లోనే రంగేసినాం" అంది. తిప్పేస్వామి ఆ పచ్చను, ఆ ఎరుపును, ఆ మెరుపును చూసి, "ఇంట్లో ఇట్లా వస్తాదా తల్లీ? నాకు చెవిలో పువ్వు పెట్టొద్దు" అని రాసుకున్నాడు. విదేశీ స్పోర్ట్స్ మోటార్ సైకిల్, ఒకటి.

పాఠకులారా, ఒక కళాకారుడికి ఇంతకంటే పెద్ద మెప్పు ఉంటుందా?

మరుసటి నెల చౌకదుకాణం గోడ మీద జాబితా అంటించారు. చెన్నప్ప కుటుంబం పేదరికం నుంచి విముక్తి పొందింది. ఏ ప్రణాళికకూ, ఏ రుణమేళాకూ లొంగని పేదరికం ఒక స్ప్రేయరు దెబ్బకు పారిపోయింది! వాన అలాగే రాలేదు, పైరు అలాగే లేదు, ఎద్దులు తిరిగి రాలేదు. అవన్నీ చిన్న విషయాలు. కార్డు గులాబీ రంగుకు మారింది కదా!

ఒక్క చిన్న ఇబ్బంది. అదే నెలలో అనంతపురంలో పరీక్ష చేసిన డాక్టరు, చెన్నప్ప గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదనీ, ఆపరేషన్ వెంటనే చేయాలనీ చెప్పాడు. తెల్ల కార్డు ఉంటే ఉచితం. గులాబీ కార్డు ఉంటే, ఉన్న నాలుగెకరాలూ అమ్మినా చాలదు.

ఎర్రిస్వామి మా ఇంటికి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"అర్జీ రాసియ్యండి సారూ. మీరు రాస్తే గట్టిగా ఉంటాది."

"మీ నాయన ఏమంటాడు?"

"ఆపరేషను వద్దంటాండాడు. నా నోరే నన్ను చెరిపింది, బండి అమ్మితే ఊరుకోను అంటాండాడు. పొద్దున నా ముందర ఏడ్చినాడు సారూ. మా నాయన ఏడ్చేది నేనెప్పుడూ చూడలేదు."

నేను అర్జీ రాశాను. మూడు పేజీలు. తలసరి ఆదాయం, వర్షపాతం, శనక్కాయ దిగుబడి, అన్నీ పెట్టాను. మండలాఫీసులో పెద్ద సారు మొదటి పేజీ సగం చదివి, "లెక్చరర్ గారూ, బండి సంగతి ఏమిటి?" అన్నాడు. అదంతా పై రంగే అని చెప్పాను. రంగు వేయించుకోగలిగినవాడు పేదవాడు ఎలా అవుతాడని అడిగాడు. నా ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఏ విద్యార్థీ నన్ను అంత గట్టి ప్రశ్న అడగలేదు. చివరికి దయ తలచి, శుక్రవారం మళ్ళీ తనిఖీ చేయిస్తామనీ, సాక్షిగా నన్ను కూడా రమ్మనీ చెప్పాడు.

గురువారం పొద్దున ఎర్రిస్వామి బండిని ఇంటి ముందుకు లాగి, గరుకు కాగితం చేతిలోకి తీసుకుని అలాగే నిలబడ్డాడట. చెయ్యి రాలేదు. హేమావతి ఆ కాగితం లాక్కుంది.

"నువ్వు పచ్చ గీకు. అంచు నేను గీకుతా. అంచు నేను చెప్పిందే కదా."

స్టిక్కర్లు ఆమె గోటితో ఒక్కొక్క అక్షరమే లేపింది. రేడియం మొండిది, సులభంగా రాదు. మధ్యాహ్నానికి ఆమె రెండు బొటనవేళ్ళూ చిట్లాయి. తర్వాత ఇద్దరూ కలిసి బండికి రెండో అలంకారం చేశారు. కిటికీ చువ్వలకు వేసే ఎర్ర ఆక్సైడు పూశారు. దాని మీద పొయ్యి బూడిద చల్లారు. సీటుకు గోనె సంచి, అద్దానికి తాడు, సైలెన్సరుకు తీగ. ఫైబరు మీద లప్పం కింద దాచిన కుట్లన్నీ మళ్ళీ బయటపెట్టారు. మొదటిసారి వారం పట్టింది. ఈసారి ఒక్క పూటలో అయిపోయింది. పేదరికానికి ఫొటో చూసుకోవాల్సిన పని లేదు కదా!

శుక్రవారం నేను నా స్కూటరు మీద వెళ్ళాను. తిప్పేస్వామి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఆ బండి యాడప్పా?"

"ఇదే సారూ. నంబరు ప్లేటు చూడండి" అన్నాడు ఎర్రిస్వామి.

తిప్పేస్వామి వంగి ప్లేటు చూశాడు. ట్యాంకు మీద వేలు పెట్టాడు. ఆక్సైడు ఇంకా పూర్తిగా ఆరలేదు. వేలికి ఎర్రగా అంటుకుంది. ఆ వేలిని చాలాసేపు చూసుకున్నాడు. హేమావతి చేతులు వెనక్కి పెట్టుకుంది. చెన్నప్ప మంచం మీద ఈసారి తువ్వాలుతో నోరు మూసుకున్నాడు.

తిప్పేస్వామి వేలు గోనె సంచికి తుడుచుకుని, ఫారం తీసి, రాస్తూ పైకే చదివాడు. "పాత మోటార్ సైకిల్. తుక్కు." తర్వాత నా వైపు తిరిగాడు.

"నన్ను తప్పు పట్టొద్దండి సార్. మాదీ శనక్కాయ చేనే. కనపడేది రాయమన్నారు. ఇంజను ఇప్పి చూసే గడి, కడుపు ఇప్పి చూసే గడి ఈ ఫారంలో లేదు."

ఇరవై రెండు రోజుల్లో తెల్ల కార్డు తిరిగి వచ్చింది. ఆపరేషన్ అయింది. చెన్నప్ప ఇప్పుడు చేను దాకా నడిచి, ఆ ఎండిన చేలో కాసేపు నిలబడి, తిరిగి వస్తున్నాడు.

పోయిన ఆదివారం ఆయన్ను చూడటానికి వెళ్ళాను. ఎర్రిస్వామి బండిని అలాగే ఉంచాడు. మళ్ళీ సర్వే ఎప్పుడొస్తుందో తెలియదు, రంగు మాట ఎత్తడు. అతనికి ఇరవై ఏడేళ్ళు. ఈ వయసులో ఒక మనిషి తన బండిని అందంగా పెట్టుకోకుండా ఉండటానికి ఎంత క్రమశిక్షణ కావాలి! యువతలో ఈ పొదుపు, ఈ వైరాగ్యం పెంచినందుకు మనం సర్వేకు చేతులెత్తి మొక్కాలి.

హేమావతి నాకు మజ్జిగ తెచ్చిచ్చింది. వాకిట్లో నా స్కూటరును చూసి నవ్వింది. అది నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నది. రంగంటూ మిగల్లేదు.

"మీ స్కూటరు మా బండి కంటే అధ్వానంగా ఉండాది సారూ. దీన్ని చూసి మీగ్గూడా తెల్ల కార్డు ఇస్తారేమో!"

అమాయకంగానే అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మజ్జిగలో ఉప్పు తక్కువైందని చెప్పాను. తక్కువ కాలేదు.

పాఠకులారా, మీ దగ్గర దాపరికమెందుకు? నాది తెల్ల కార్డే. పదహారేళ్ళుగా తెల్ల కార్డే. నాకు పింఛను వస్తుంది. అనంతపురంలో మాకు మేడ ఉంది. పైన రెండు వాటాలు అద్దెకు ఇచ్చాం, మెట్లు వెనక వైపు కాబట్టి గేటు దగ్గర నిలబడితే కనిపించవు. సర్వేకు వచ్చిన ప్రతి ఒక్కరూ గేటు దగ్గరే నిలబడి, స్కూటరును చూసి, నా చిరిగిన బనియను చూసి, జాలిగా రాసుకుపోయారు. ఆ బియ్యం మా ఆవిడకు అరగవు. పనిమనిషికి ఇచ్చి, జీతంలో పట్టుకుంటాం.

ఇంటికి రాగానే బల్ల ముందు కూర్చున్నాను. నా కార్డు రద్దు చేయమని అర్జీ రాయాలని తెల్ల కాగితం తీశాను. అర్జీలు రాయడంలో నాకు మంచి పేరుంది. రాశాను కూడా, మూడు పేజీలు.

చదివి చూసుకుంటే అర్జీ కాలేదు, ఈ వ్యాసం అయింది.