గోడకు నాలుగో చిల్లు

ఏమోయ్, కొత్త టీవీ కొనుక్కొచ్చి, డ్రిల్లు పట్టుకుని స్టూలెక్కినవాడా, ముందు కిందికి దిగు. ఆ గోడ నీదే అనుకుంటున్నావు కదూ. పిచ్చివాడా. జర్మనీలో మా ఓల్డెన్‌బుర్గ్‌లో అద్దె ఇంటి గోడకు ముగ్గురు హక్కుదారులు. ఇటువైపు రంగు మనది, అటువైపు రంగు పక్కింటాయనది, మధ్యలో ఇటుక యాజమాన్యానిది. మనకు గోడను ఆనుకుని నిలబడే హక్కుంది, అదీ చప్పుడు చేయకుండా. అంతకు మించి ఏం చేయాలన్నా నిపుణుడు రావాలి.

నా మాట మీద నమ్మకం లేకపోతే మా ఇంటి సంగతి విను.

మా భవనం మెట్లు వారానికొక ఇంటివాళ్ళు తుడవాలి, ఆ వారం మా వంతు వచ్చింది. మా ఆవిడ ఆల్ముట్ తాను తుడిచిన మెట్టు మీద తానే జారింది. డాక్టరు కాలికి కట్టు కట్టి, మంచం పైన ఒక ఇనుప కొక్కేనికి వేలాడదీసి వెళ్ళాడు. టీవీ ఏమో మంచానికి ఎదురుగా సొరుగుల బల్ల మీద ఉంటుంది. మధ్యలో కాలు. మా ఆవిడకు కనిపించేదల్లా పెద్ద తెల్లటి పాదం, దాని చుట్టూ అంచుల్లో కాసిని వార్తలు. (పక్కకు జరపొచ్చుగా అంటావు. ఒక పక్క కిటికీ, ఇంకో పక్క బీరువా. నేనూ తొమ్మిదో తరగతి దాకా చదివినవాణ్ణే.)

వార్తలైతే పోనీ అనుకోవచ్చు. శనివారం మధ్యాహ్నం రెండింటికి హ్యాండ్‌బాల్ ఫైనల్. గోల్ ముందు నిలబడేది మా మనవరాలు వీబ్కె. ఆ పిల్లకు మొట్టమొదట బంతి విసిరింది మా ఆల్ముట్, మా వంటింట్లోనే. అలాంటి మనిషి మనవరాలు బంతి ఆపిందో లేదో తన బొటనవేలి వెనక ఊహించుకోవాలా? టీవీ గోడెక్కాల్సిందే.

సోమవారం నిపుణులకు ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. ఆపిల్ పళ్ళు కోతకొచ్చే వేళకు ఒక మనిషి ఖాళీ అవుతాడంది. అప్పటికింకా ఆపిల్ చెట్లకు పూలే రాలలేదు.

నా సంగతి నీకు తెలుసుగా. పావుగంట ఆగి, ముక్కు నొక్కుకుని, మళ్ళీ ఫోన్ చేశాను. నిలువు వీక్షణ నియంత్రణ కార్యాలయం నుంచి ముఖ్య పర్యవేక్షకుణ్ణి మాట్లాడుతున్నానన్నాను. ఫలానా వీధిలో, ఫలానా ఇంట్లో, పడుకున్న మనిషికి తెర తగిన ఎత్తులో లేదని మా దృష్టికి వచ్చిందన్నాను. నంబరడిగితే నా సెల్ నంబరే ఇచ్చాను. ఆపిల్ పళ్ళ ఊసు మళ్ళీ రాలేదు.

మంగళవారం పొద్దున్నే డిర్క్‌సెన్ అనే నిపుణుడు వచ్చాడు. బూట్లు విప్పి, టీ తాగి, మా వైపు టీ కప్పులో వేసే పటికబెల్లం ముక్క పూర్తిగా కరిగేదాకా ఆగి, గోడను వేలితో తట్టి చెవి ఆనించాడు.

"అయ్యా, ఈ నిలువు వీక్షణ వాళ్ళు రంగంలో ఉన్నారు కాబట్టి అంతా పద్ధతి ప్రకారం పోవాలి. వాళ్ళ ఏడో నిబంధన మహా గట్టిది" అన్నాడు.

నేను ఇంకా మొదటి నిబంధనే రాయలేదు. అయినా బుద్ధిగా తలూపాను.

ఏడో నిబంధన ప్రకారం యాజమాన్యం అనుమతి కావాలట. గురువారమంతా యాజమాన్యం ఆఫీసులో వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి కౌంటర్లోని శ్రీమతి బోల్కె టిఫిన్ డబ్బా మూత పెడుతోంది. కార్యాలయం పేరు చెప్పగానే ఆవిడ నిట్టూర్చింది. ఆ కార్యాలయంతో తమకు ఏళ్ళ తరబడి ఇబ్బందేనని, ఒక్క పనీ వేళకు చేయరని, వాళ్ళ పాత అధికారి చాలా నయమని చెప్పింది. ఆ పాత అధికారి ఎవరో తెలుసుకోవాలని నాకూ ఉండింది. కానీ వెనక జనం ఉన్నారు, అనుమతి కాగితం పుచ్చుకుని వచ్చేశాను.

ఇంటికొస్తే మెట్ల దగ్గర పక్కింటి జీబెల్ట్ పట్టుకున్నాడు. డిర్క్‌సెన్ నోట విన్నాడట, ఇన్నాళ్ళకు ఎవరో ఒకరు ఈ తెరల సంగతి పట్టించుకుంటున్నందుకు సంతోషించాడు. ఆ కార్యాలయానికి తాను ఇదివరకే రెండుసార్లు ఫిర్యాదు చేశానన్నాడు. (నాకు అందలేదు. మా కార్యాలయం పనితీరు అలా ఏడ్చింది మరి.)

శనివారం పన్నెండింటికి డిర్క్‌సెన్ డ్రిల్లుతో వచ్చాడు. కొలిచాడు, గీత గీశాడు, గీత చెరిపి మళ్ళీ కొలిచాడు. ఒక చిల్లు పెట్టాడు. దుమ్ము ఊదాడు. రెండోది పెట్టాడు. మూడోది పెట్టి చెమట తుడుచుకుంటుండగా గడియారం ఒంటిగంట కొట్టింది. డ్రిల్లు కింద పెట్టేశాడు.

ఒంటిగంట నుంచి మూడింటి దాకా మా భవనంలో విశ్రాంతి వేళ, చప్పుడు నిషిద్ధం. గుమ్మంలో జీబెల్ట్ చేతి గడియారం చూసుకుంటూ అప్పటికే నిలబడి ఉన్నాడు.

ఇంకొక్క చిల్లే కదా అని ముప్పావుగంట బతిమాలాను. మూడు స్క్రూల మీద టీవీ వేలాడదీస్తే తన ముఖం తాను అద్దంలో చూసుకోలేనన్నాడు డిర్క్‌సెన్. విశ్రాంతి వేళలో మినహాయింపు ఇవ్వగలిగింది ఒక్క నిలువు వీక్షణ వాళ్ళేనని, అడిగి చూస్తానని ఫోన్ తీశాడు.

నా జేబు మోగింది.

కడుపులో తిప్పుతోందని చెప్పి స్నానాలగదిలోకి పరిగెత్తి, తలుపేసి, ముక్కు నొక్కుకున్నాను. మినహాయింపు మంజూరు చేశామని, వెంటనే పని కానివ్వమని గంభీరంగా సెలవిచ్చాను.

"క్షమించాలి సార్," అన్నాడు డిర్క్‌సెన్, "ఏడో నిబంధన కింద నోటిమాట చెల్లదు. అధికారి స్వయంగా వచ్చి గోడ చూడాలి."

అలాంటి నిబంధనే లేదన్నాను. ఉంటే నాకు తెలియదా అన్నాను.

"మీరు కొత్తగా చేరినట్టున్నారు సార్" అన్నాడు జాలిగా.

బయటికొచ్చేసరికి రెండవుతోంది. మంచం మీద ఆల్ముట్ పాదం వంక చూస్తోంది. ఆ చూపు చూసి నాకు మెదడు పనిచేసింది. టీవీని గోడ మీద ఎత్తి పట్టుకుంటే అది శబ్దం కిందకి వస్తుందా అని జీబెల్ట్‌ను అడిగాను. అతను నిబంధనలు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

"పట్టుకోవడం నిశ్శబ్దమే. మీరు మూలిగితే మాత్రం లెక్కలోకి వస్తుంది."

ఎత్తాం. నేనొక పక్క, డిర్క్‌సెన్ ఒక పక్క. టీవీ ఒక మూల కిందికి జారింది. జీబెల్ట్ కాసేపు ఓర్చుకున్నాడు గానీ, వంకర తెర చూస్తూ బతకలేని మనిషి, తనూ వచ్చి కింద చెయ్యి వేశాడు. ముగ్గురం ముఖాలు గోడకేసి, చేతులు పైకెత్తి, ఆటంతా నిలబడ్డాం. మా ముగ్గురికీ కనిపించింది రంగు, మూడు చిల్లులు. మధ్యమధ్య ఆల్ముట్ వెనకనుంచి "ఎడమవైపు కొంచెం పైకి", "అదిగో ఆపింది" అని చెబుతూంటే మ్యాచ్ ఎక్కడిదాకా వచ్చిందో తెలిసేది. ఎవరూ మూలగలేదు.

చివరి నిమిషంలో అవతలి జట్టు ఒక బంతి విసిరింది. వీబ్కె దాన్ని మోకాలితో ఆపిందట. ఆల్ముట్ చప్పట్లు కొట్టింది. జీబెల్ట్ గోడకేసి చూస్తూనే ఏడ్చాడు, అదీ చప్పుడు లేకుండా.

టీవీ నేల మీద పెట్టి, చేతులు కిందికి దిగక నిలబడి ఉన్నాం. ఆల్ముట్ కొక్కెంలోంచి కాలు తీసి కిందికి దించింది. ఊతకర్ర అందుకుని లేచింది. అందరికీ టీ పెడతానంటూ మా ముందునుంచే వంటింటి వైపు నడిచింది.

"ఆల్ముట్, కాలు..." అన్నాను.

"గురువారం డాక్టరొచ్చాడు హినెర్క్. ఇక దించేయొచ్చన్నాడు" అంది. "నీకు చెబుదామనుకున్నా. నువ్వు ఆఫీసులో లైన్లో ఉన్నావు."